తెలియని హద్దు

ముత్తుకూరు,
జూన్ నెలాఖరు.

అబీ,

ఫోను చూడకూడదన్నారు. ఎక్కువ మాట్లాడకూడదన్నారు. నన్ను రావద్దని నువ్వే అన్నావు. ఇక మిగిలింది కాగితం ఒక్కటే. మీ అమ్మను, అదే నవోమి ఆంటీని అడిగితే, "రాయమ్మే, చదువుకుంటాది. రెండు పేజీలు దాటితే మాత్రం నేనే చించి పొయ్యిలో పెడతా" అన్నారు. ఆవిడ అన్నంత పనీ చేస్తారు కాబట్టి చిన్న అక్షరాలతో రాస్తున్నాను.

కావలి దగ్గర హైవే మీద నీ స్కూటీ జారిందని తెలిసిన రోజు నేను కాలేజీ ల్యాబులోనే ఉన్నాను. హెల్మెట్ ఉంది కాబట్టి బతికింది, కానీ మెదడు గట్టిగా అదిరింది, నెలల తరబడి విశ్రాంతి కావాలి అని డాక్టరు చెప్పాడట. నెలలు ఎన్నైనా సరే. నువ్వు ఉన్నావు, అది చాలు నాకు.

ఇప్పుడు నీకు నచ్చే కబురు. మన సర్క్యూట్ పెట్టెలు రెండూ కలిశాయి!

నువ్వు రాసిన నిరూపణ ప్రకారమే కంట్రోలర్ కట్టాను. ఆసిలోస్కోప్ తెర మీద పెద్ద పెట్టె సిగ్నల్‌ను అడ్డంగా, చిన్న పెట్టె సిగ్నల్‌ను నిలువుగా పెట్టాను. మొదట ఎప్పటిలాగే ఉండ చుట్టిన దారంలా ముద్ద. స్విచ్చి వేశాను. ముద్ద సన్నబడింది, ఇంకా సన్నబడింది, చివరికి తెర మీద ఒకే ఒక వాలుగీత నిలిచింది. రెండు సర్క్యూట్లూ అణువంత తేడా లేకుండా ఒకే అడుగు వేస్తున్నాయన్నమాట. నేను ల్యాబులో ఒక్కదాన్నే గట్టిగా కేక వేశాను. అటెండరు వచ్చి "ఏమైంది మేడం, షాక్ కొట్టిందా?" అన్నాడు.

మా నాన్న ఆ సాయంత్రమే అడిగాడు. "ఏంది బేటా మీరిద్దరూ చేసేది? రెండు పెట్టెలు, నాలుగు తీగలు. ఎప్పట్నుంచో చూస్తా ఉండా." మోటార్లు చుట్టే మనిషికి ఎలా చెప్పను? ఇట్లా చెప్పాను: "ఈ పెట్టెలో కరెంటు ఎప్పుడూ ఒకే దారిన పోదు నాన్నా. ఏ క్షణాన ఎటు తిరుగుతుందో ముందు చెప్పలేం. అచ్చంగా ఇట్లాంటిదే ఇంకొకటి చేసి, రెండూ ఒకేసారి మొదలుపెట్టినా, వెంట్రుకంత తేడా ఉంటే చాలు, కాసేపటికి దేని దారి దానిది. అట్లాంటి రెండింటిని కలిపి నడిపిస్తున్నాం. అప్పుడు ఒకదాని ఆటలో ఒక మాట దాచి పంపితే, దానితో కలిసి నడిచే పెట్టె ఉన్నవాళ్లకే ఆ మాట దొరుకుతుంది." ఆయన కాసేపు ఆలోచించి, "కలిసి నడవడానికి ఏం పెట్టినారు మధ్యలో?" అన్నాడు. "అబిగయీలు రాసిన లెక్క పెట్టాం" అన్నాను. ఆయనకు అది చాలా నచ్చింది.

పరిశోధన పత్రికకు మన పేపరు పంపేశాను. నీ పేరు, నా పేరు. జవాబు వచ్చేలోపు నువ్వు లేచి తిరుగుతుంటావు.

నీ షాహీ

*

బిట్రగుంట,
జూలై.

షాహీ,

వాలుగీత కబురు చదివి అమ్మను పిలిచి మళ్లీ చదివించుకున్నాను. నువ్వు కేక వేసిన చోట అమ్మ కూడా కేక వేసి చదివింది. పక్క క్వార్టర్స్ వాళ్లు వచ్చారు.

ఇక్కడ నా రాజ్యం ఒక గది. కిటికీలకు దుప్పట్లు కట్టి ఉన్నాయి, వెలుతురు పడితే తలనొప్పి వస్తుందని. రైళ్లను మాత్రం దుప్పట్లు ఆపలేవు కదా. ఏది గూడ్సు, ఏది ప్యాసింజరు అని చప్పుడును బట్టి చెబుతున్నాను. రైల్వే ఆసుపత్రిలో డ్యూటీ అయిపోగానే అమ్మ వచ్చి నా కళ్లలోకి టార్చి వేసి చూస్తుంది. నర్సు కడుపున పుడితే ఇంతే, అమ్మ కూడా ఉండదు, ఇరవై నాలుగు గంటలూ నర్సే.

అమ్మ కూడా మీ నాన్నలాగే అడిగింది, ఆ లెక్క ఏంటని. నేను చెప్పింది విను, బాగుందో లేదో చెప్పు. వర్షానికి తడిసిన పొలం గట్టు మీద దూడను ఇంటికి తోలుకొస్తున్నాం. అది ఎడమకు జారితే కుడికి నెడతాం, కుడికి జారితే ఎడమకు నెడతాం. మన పని రెండే: మొదట దాన్ని గట్టు ఎక్కించడం, తర్వాత గట్టు దిగకుండా చూడడం. గట్టు ఎటూ ఇంటికే పోతుంది. గాలి వచ్చినా, కాలు జారినా, నెట్టే చెయ్యి గాలికంటే గట్టిదైతే దూడ ఇల్లు చేరుతుంది. రెండు సర్క్యూట్ల మధ్య తేడాయే ఆ దూడ. తేడా సున్నా అవడమే ఇల్లు. దీన్నే స్లైడింగ్ మోడ్ అంటారమ్మా అన్నాను. "దూడకు నొప్పి పుట్టదా, అట్లా అటూ ఇటూ నెడతా ఉంటే?" అంది. చూశావా, మన అసలు సమస్యను ఎంత తేలిగ్గా పట్టుకుందో. కంట్రోలర్ అటూ ఇటూ టకటకా కొట్టుకోవడం తగ్గించావా? చిప్ వేడెక్కుతోందా?

నేను బాగానే ఉన్నాను. ఇంకా రావద్దు. నేనే చెబుతాను ఎప్పుడు రావాలో.

అబీ

*

ముత్తుకూరు,
ఆగస్టు.

అబీ,

దూడ చాలా బాగుంది. క్లాసులో పిల్లలకు నీ పేరు చెప్పి మరీ చెప్పేశాను.

పెట్టెలను ల్యాబులోంచి మా నాన్న షాపుకు మార్చాను. ఎందుకంటావా? ల్యాబులో ఏసీ, స్టెబిలైజరు, అన్నీ పొందికగా ఉంటాయి. అక్కడ కలిశాయంటే ఏమంత గొప్ప? మా షాపు సంగతి నీకు తెలుసుగా. రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరియేటర్ మోటార్లు కాలిపోయి వరసగా వస్తున్నాయి. వైండింగు చుట్టి, వార్నిష్ పోసి, ఓవెన్లో ఆరబెడతారు. ఆ ఓవెన్ పక్కనే చిన్న పెట్టెను పెట్టాను. పెద్దది వీధి వైపు బల్ల మీద ఉంది. సముద్రపు గాలికి ఇక్కడ స్క్రూలు కూడా తుప్పు పడతాయి. వోల్టేజి సంగతి చెప్పనక్కరలేదు.

మామూలుగా బాగానే ఉంది. పక్కనే వెల్డింగు షాపు ఉంది చూశావూ, వాళ్లు మిషన్ పట్టుకుంటే మాత్రం వాలుగీత చెదిరిపోతోంది. వాళ్లు ఆపితే మళ్లీ కుదురుకుంటోంది. నెట్టే బలం పెంచి చూశాను. అప్పుడు గీత చెదరలేదు కానీ కంట్రోలర్ గుయ్యిమని కొట్టుకుని చిప్ కాలిపోయింది. కాలిన వాసనకు మా నాన్న పరిగెత్తుకొచ్చి, "ఏందది, నా మోటారు వాసన కాదే!" అన్నాడు. చిన్న ఇబ్బందే, సర్దుకుంటుంది. నువ్వు దీని గురించి ఆలోచించొద్దు.

నాన్న పని మానుకుని వచ్చి ఆ తెర ముందు కూర్చుంటున్నాడు. గీత నిలబడితే ఏదో మ్యాచ్ గెలిచినట్టు నా వైపు చూస్తాడు. "ఆ బిట్రగుంట పాపకు చెప్పు, ఆమె లెక్క బాగా పనిచేస్తా ఉండాదని" అన్నాడు. చెప్పాను.

షాహీ

*

బిట్రగుంట,
ఆగస్టు చివర.

షాహీ,

నువ్వు అబద్ధం చెబితే పొడి పొడి వాక్యాలు రాస్తావు. "చిన్న ఇబ్బందే, సర్దుకుంటుంది." హాస్టల్లో జ్వరం దాచుకున్నప్పుడు కూడా ఇదే మాట అన్నావు, తర్వాత నేను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది.

చిన్న ఇబ్బందైతే పెట్టెలను ల్యాబులోంచి షాపుకు ఎందుకు మోస్తావు? బయట కూడా పనిచేస్తుందా అని ఎవరో అడిగారు. పేపరుకు జవాబు వచ్చింది, నాకు చెప్పడం లేదు. అవునా?

నాకు తలకు దెబ్బ తగిలింది కానీ నిన్ను మరిచిపోలేదు. నిజం రాయి.

అబీ

*

ముత్తుకూరు,
సెప్టెంబరు.

అబీ,

దొరికిపోయాను.

జవాబు వచ్చి చాలా రోజులైంది. పత్రిక తరఫున ముగ్గురు చదివారట. ఇద్దరికి నచ్చింది. మూడో ఆయన రాసింది ఇది: "బయటినుంచి వచ్చే అలజడి ఎంత గట్టిగా ఉంటుందో ముందే తెలుసని మీ నిరూపణ అనుకుంటోంది. ఆ హద్దు తెలిస్తేనే నెట్టే బలం ఎంచుకోగలరు. నిజమైన చోట ఆ హద్దు ఎవరికీ తెలియదు. కాబట్టి ఎంత అలజడినైనా తట్టుకుంటుందన్న మీ మాట కాగితం వరకే." చదవగానే కోపం వచ్చింది. తర్వాత షాపుకు తీసుకెళ్లి వెల్డింగు మిషన్ పక్కన పెట్టి చూస్తే, ఆయన అన్నది నిజమే. తక్కువ బలం పెడితే చెదిరిపోతోంది. ఎక్కువ పెడితే కాలిపోతోంది. ఎంత పెట్టాలో ఎవరు చెబుతారు?

మా హెచ్‌ఓడీ మధుబాబు గారికి చూపించాను. మంచాయనే, చెడ్డగా ఏమీ అనలేదు. "నిరూపణ తిరగరాయాల్సిందేనమ్మా. ఆ అమ్మాయి ఇప్పుడు రాసే స్థితిలో లేదు. నాకు తెలిసిన కుర్రాడొకడు ఉన్నాడు, వారంలో రాసిస్తాడు. అతని పేరు ముందు వేసుకుందాం. మీ ఫ్రెండ్‌కి పేపరు చివర కృతజ్ఞతలు చెప్పుకోవచ్చు" అన్నారు. నేను వద్దన్నాను. "ఆవేశపడొద్దు, ఆలోచించుకో" అన్నారు. ఆలోచించుకున్నాను, మళ్లీ వద్దన్నాను. ఆ తర్వాత పత్రిక వాళ్లకు రాసి సంవత్సరం చివరిదాకా గడువు తెచ్చుకున్నాను.

ఇదంతా నీకు చెప్పకూడదనుకున్నాను. నువ్వు పడుకోవాల్సిన టైములో ఈ బరువు నీ నెత్తిన ఎందుకని. ఇప్పుడు నువ్వు కూడా నిజం చెప్పు. నాలుగు నెలలుగా ఒక్కసారి కూడా నన్ను రానివ్వలేదు. ఉత్తరాలు మాత్రం నీలాగే, సరదాగా, ఒక్క తప్పు లేకుండా రాస్తున్నావు. అంత బాగుంటే రావద్దని ఎందుకంటున్నావు?

షాహీ

*

బిట్రగుంట,
అక్టోబరు.

షాహీ,

నా ఉత్తరాల్లో తప్పు ఉండదు. ఎందుకంటే ఒక్కో ఉత్తరం రాయడానికి చాలా రోజులు పడుతోంది. ఒక వాక్యం రాస్తాను. పడుకుంటాను. లేచాక అది నేనే రాశానా అని చూసుకుని ఇంకో వాక్యం రాస్తాను. దూడ కథ నువ్వు గబగబా చదివి నవ్వుకుని ఉంటావు. అది రాయడానికి నాకు ఒక వారం పైనే పట్టింది.

మాట్లాడేటప్పుడు ఆ తీరిక ఉండదు. మాటలు మాయమవుతున్నాయి. నిన్న అమ్మను చెంచా అడగబోయి ఆగిపోయాను. వస్తువు కళ్ల ముందు ఉంది, పేరు లేదు. "అదీ... అదీ..." అంటుంటే అమ్మ తెచ్చి చేతిలో పెట్టి, ఏమీ కానట్టు వంటింట్లోకి వెళ్లింది. వంటింట్లో చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది. అందుకే రావద్దన్నాను. నువ్వు వస్తే నాతో వాదిస్తావు. నేను వాదించలేను. అది నువ్వు చూడడం నాకు ఇష్టం లేదు.

మన పేపరు తీసి చూశాను. మూడో పేజీ నేనే రాశాను. లెక్కలో పై లైను నుంచి కింది లైనుకు వచ్చేసరికి పైది జారిపోతోంది. ఎవరో చాలా తెలివైన మనిషి రాసిందనిపించింది. ఆమె అంటే నాకు అసూయ కూడా కలిగింది.

మధుబాబు గారు చెప్పింది సబబే. ఆ కుర్రాడి చేత రాయించు. నా పేరు తీసెయ్. నిన్ను నేను తప్పు పట్టను.

ఈ ఉత్తరం మాత్రం ఒక్క పూటలో రాశాను. తప్పులుంటే సర్దుకో.

అబీ

*

ముత్తుకూరు,
అక్టోబరు.

అబీ,

ఈ ఉత్తరంలో రెండు అక్షరాలు తప్పు పోయాయి. ఎర్ర పెన్నుతో దిద్దబోయి మానుకున్నాను.

నిన్ను బతిమాలను. ధైర్యం చెప్పే మాటలు కూడా రాయను, నవోమి ఆంటీ ఎలాగూ రోజూ చెబుతుంటారు. నీ పేరు తీయను, అంతే. గడువు దాటితే దాటుతుంది. పేపరు పోతే ఇంకో పేపరు రాసుకుంటాం.

మొన్న షాపులో జరిగింది మాత్రం చెబుతాను. పని కోసం కాదు, నీకు చెప్పకపోతే నాకు తోచదు కాబట్టి. నెట్టే బలాన్ని ఎంత పెట్టాలో తెలియక, పెట్టెకు ఒక నాబ్ బిగించి చేత్తో తిప్పుతూ కూర్చున్నాను. పక్కన వెల్డింగు మొదలైంది, గీత లావైంది. తిప్పాను. ఇంకా లావుగానే ఉంది, ఇంకా తిప్పాను. సన్నబడింది. అక్కడ ఆపేశాను. వాళ్లు ఇంకా పెద్ద పని పట్టుకున్నారు, గీత మళ్లీ చెదరబోయింది, మళ్లీ కొంచెం తిప్పాను. ఒక పూటంతా అట్లా గడిచింది. చిప్ కాలలేదు, గీత చెదరలేదు! ఆ మిషన్ బలమెంతో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. గీతను చూస్తూ చెయ్యి తిప్పుతూ పోయాను.

మా నాన్న వెనకనుంచి చూసి, "నువ్వు లేనప్పుడు ఎవరు తిప్పతారు బేటా?" అన్నాడు.

 నా చెయ్యి చేసిన పని నీ భాషలో ఏమవుతుందో నాకు తెలియదు. నాకు సాల్డరింగ్ వచ్చు, నీకు నిరూపణ వచ్చు. మొదటినుంచీ మన ఒప్పందం అదే.

జవాబు అక్కర్లేదు. రాయాలనిపిస్తే ఒక్క ముక్క రాయి.

నీ షాహీ

*

బిట్రగుంట,
నవంబరు.

షాహీ, షాహీ, షాహీ,

దీనితో పాటు ఏడు కాగితాలున్నాయి. మడతలు జాగ్రత్తగా విప్పు. మీ నవోమి ఆంటీ రెండు పేజీల చట్టం ఈ ఒక్కసారికి రద్దయింది.

నీ నాబ్ సంగతి చదివాక నిద్ర పట్టలేదు. అది మంచి నిద్రలేమి, చాలా కాలానికి వచ్చింది. ఇన్నాళ్లూ నేను ఏమనుకున్నాను? హద్దు తెలియాలి, తెలిస్తేనే బలం ఎంచుకోవాలి అని. నువ్వు హద్దు తెలుసుకోకుండానే నిలబెట్టావు. గీత లావుగా ఉన్నంతసేపూ పెంచావు, సన్నబడితే ఆపావు. అంటే బలం ముందే ఎంచుకునే అంకె కానక్కర్లేదు. అది కూడా కదులుతూ పోవచ్చు, తేడా ఎంత ఉంటే అంత వేగంగా!

ఇక రాయడం. పై లైను జారిపోతోందని చెప్పాను కదా. గదిలో దండెం కట్టమని అమ్మను అడిగాను. ఒక్కో కాగితం మీద లెక్కలో ఒక్కో లైను పెద్ద అక్షరాలతో రాసి బట్టల క్లిప్పులతో వరసగా తగిలించాను. ఇప్పుడు పై లైనును బుర్రలో మోయక్కర్లేదు. తల ఎత్తితే అక్కడే వేలాడుతోంది. రోజుకు ఒక లైను. కొన్ని రోజులు అదీ లేదు. ఒకరోజు రెండు రాసి మర్నాడంతా వాంతులతో పడుకున్నాను, అమ్మ దండెం తెంపేస్తానంది. "అమ్మా, ఆ లైను తప్పు. అది దిద్దేదాకా తెంపొద్దు" అన్నాను. అమ్మ నిలబడిపోయింది. "ఏ లైను తప్పో నీకు తెలస్తా ఉందా?" అంది. తెలుసన్నాను. అంతే, ఆ పూట అమ్మే స్టూలెక్కి ఆ కాగితం తీసి నాకు ఇచ్చింది.

అసలు కీలకం నాలుగో కాగితంలో ఉంది. లెక్కలో తేడాను కొలిచే టర్మ్ పక్కన ఇంకొక టర్మ్ కలిపాను. మనం పెట్టిన బలానికీ, నిజంగా కావలసిన బలానికీ మధ్య ఉన్న దూరం. ఆ కావలసిన బలం ఎంతో మనకు తెలియదు కదా? తెలియకపోయినా రాయొచ్చు! ఒకటి ఉందంటే చాలు. ఆరో కాగితానికి వచ్చేసరికి ఆ తెలియనిది అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి వచ్చి దానంతట అదే కొట్టుకుపోతుంది. మొత్తం తగ్గుతూ పోతుంది కానీ పెరగదు. అది చూసి నేను ఏడ్చాను. అమ్మ పరుగున వచ్చి నుదురు పట్టి చూసింది.

ఒక జాగ్రత్త, ఏడో కాగితంలో రాశాను. నిజమైన తీగల్లో తేడా పూర్తిగా సున్నా కాదు, ఎప్పుడూ కొంచెం రొద ఉంటుంది. అందువల్ల బలం ఆగకుండా పెరుగుతూ పోయి మళ్లీ చిప్ కాల్చేస్తుంది. కాబట్టి గీతకు ఇరుపక్కలా సన్నటి అంచు ఇవ్వు. ఆ అంచులోపల ఉంటే పెంచడం ఆగిపోవాలి, టకటకా కొట్టుకోవడం కూడా మెత్తబడాలి. అప్పుడు తేడా సున్నా అవుతుందని అనలేం, సన్నటి అంచు దాటదని అనగలం. దాన్ని దాచకుండా పేపరులో రాద్దాం.

నువ్వు చెప్పు, ఇది నేను చేశానా, నువ్వు చేశావా? నీ చెయ్యి ముందే చేసేసింది. నేను దానికి వెనకాల పరిగెత్తాను. అంత ఓపికగా ఒక పూటంతా తెర చూస్తూ నాబ్ తిప్పే మనిషి నాకు స్నేహితురాలైనందుకు దేవుడికి స్తోత్రం.

అబీ

*

ముత్తుకూరు,
డిసెంబరు.

అబీ,

నాబ్ పీకేశాను. దాని చోట నీ ఏడు కాగితాలు ఉన్నాయి.

కట్టడానికి చాలా రోజులు పట్టింది. పరీక్షకు మాత్రం నేను ముహూర్తం పెట్టలేదు, తుపాను పెట్టింది. కృష్ణపట్నం పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారని పొద్దున్నే చెప్పారు. మధ్యాహ్నానికి గాలీ వానా మొదలయ్యాయి. కరెంటు వస్తూ పోతూ, చివరికి పోయింది. నాన్న జనరేటర్ వేశాడు. దాని కరెంటు ఎట్లా ఉంటుందో నీకు చెప్పాలా, ఊగుతూ వణుకుతూ ఉంటుంది. అదే సమయంలో ఎవరిదో రేకుల షెడ్డు ఎగిరిపోతుంటే పక్క షాపువాళ్లు అదే జనరేటర్ మీద వెల్డింగు మొదలుపెట్టారు. "పెట్టెలు ఆపెయ్ బేటా, కాలిపోతాయి" అన్నాడు నాన్న. ఆపలేదు.

వెల్డింగు మెరిసినప్పుడల్లా గీత లావెక్కింది. బలం దానంతట అదే పెరిగింది, గీత సన్నబడింది, బలం అక్కడే ఆగింది. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. ముట్టుకోకుండా ఉండడం ఎంత కష్టమో! షాపులో పనివాళ్లంతా పని ఆపి చుట్టూ చేరారు. చిప్ మీద వేలు పెట్టి చూశాను, గోరువెచ్చగా ఉంది. వాన వెలిసేదాకా గీత ఒక్కసారి కూడా అంచు దాటలేదు. నాన్న కుర్చీలోంచి లేచి, తెర వైపు తిరిగి, పెద్దవాళ్లకు చేసినట్టు సలాం చేశాడు. అది నీకే.

మర్నాడు మధుబాబు గారు షాపుకు వచ్చారు. బురదలో ప్యాంటు మడిచి నిలబడి నీ కాగితాలు మొదటినుంచీ చివరిదాకా చదివారు. నాలుగో కాగితం రెండుసార్లు చదివారు. "ఇది ఆ అమ్మాయి రాసిందా, ఇప్పుడు?" అన్నారు. "దండెం మీద" అన్నాను. కాగితాలు జాగ్రత్తగా మడిచి నా చేతికిచ్చారు. తర్వాత, "నేను తొందరపడినానమ్మా. ఆమెతో నేనే చెప్తా" అన్నారు.

పేపరు గడువులోపలే పంపాను. జనవరిలో కాలేజీలో సదస్సు ఉంది, బయటినుంచి పెద్ద ప్రొఫెసర్లు వస్తారు. మన పని చెప్పమన్నారు. పెట్టెల గురించి నేను చెబుతాను. నిరూపణ నువ్వే చెప్పాలి. హాల్లో లైట్లు తగ్గిస్తారు, ప్రొజెక్టరు వద్దు, బోర్డు చాలు. ఎంతసేపైనా తీసుకోవచ్చు, ఆ మాట మధుబాబు గారే అన్నారు.

నీ షాహీ

*

బిట్రగుంట,
జనవరి మొదట్లో.

షాహీ,

వద్దని మూడు ఉత్తరాలు రాసి చించేశాను. వస్తాను. అమ్మ సెలవు పెట్టింది, కారు మాట్లాడింది, నల్లకళ్లద్దాలు కొంది.

ఒక్కటి అడుగుతున్నాను. మధ్యలో మాట దొరక్క ఆగిపోతే నువ్వు అందించు. దగ్గరగా నిలబడు. అంతమంది ముందు "అదీ... అదీ..." అంటూ నిలబడలేను.

అబీ

*

బిట్రగుంట,
జనవరి చివర.

షాహీ,

వచ్చి వారమైంది. ఇన్నాళ్లూ నిద్రపోతూనే ఉన్నాను. ఇప్పుడు లేచి కూర్చుని రాస్తున్నాను.

నీ మీద కోపంగా ఉంది. ముందు అది చెప్పనీ. నాలుగో కాగితం దగ్గర నేను ఆగిపోయాను. "అలజడికి ఒక..." అన్నాను. మాట లేదు. "బౌండ్" అనే మాట, మనం రోజూ వందసార్లు అనే మాట! నీ వైపు చూశాను. నువ్వు మూడడుగుల దూరంలో ఉన్నావు. నీకు తెలుసు ఆ మాట. మాటిచ్చినట్టే దగ్గరగా నిలబడ్డావు, కానీ నోరు విప్పలేదు.  

అప్పుడు బోర్డు వైపు తిరిగాను. ఏం చేయాలో తోచక రెండు అడ్డగీతలు గీశాను, మధ్యలో వంకరటింకరగా అలజడిని గీశాను. చెయ్యి పై గీతకు తగిలింది. "హద్దు" అన్నాను. తెలుగులో! మన ఉత్తరాల్లో రాసుకున్న మాటే, ఆ క్షణాన ఎట్లా దొరికిందో తెలియదు. ఆ తర్వాత చివరిదాకా ఆగలేదు, "హద్దు" అనే మాటతోనే నడిపించాను. చెన్నై నుంచి వచ్చిన ఆ ప్రొఫెసరు కూడా ప్రశ్న అడుగుతూ, "ఈ హద్దు టైముతో పాటు మారితే ఏం చేస్తారు?" అని అదే మాట వాడాడు. దానికి కూడా జవాబు చెప్పానుగా.

కోపం కొంత తగ్గింది. కానీ చెప్పు. ఎందుకు అందించలేదు?

అబీ

*

ముత్తుకూరు,
ఫిబ్రవరి.

అబీ,

నువ్వు నా వైపూ బోర్డు వైపూ తిరిగి ఉన్నావు కాబట్టి చూడనివి కొన్ని చెబుతాను.

నువ్వు ఆగగానే మధుబాబు గారు ముందు వరసలోంచి మాట అందించబోయారు. నవోమి ఆంటీ పక్క సీట్లోనే ఉన్నారు. ఆయన మోచెయ్యి పట్టుకుని, "ఉండండి సార్, వస్తాది" అన్నారు. మా నాన్న వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. చెన్నై ఆయన పెన్ను మూసి నిన్నే చూస్తున్నాడు. నువ్వు "హద్దు" అనగానే ఆయన మళ్లీ పెన్ను తెరిచి, ఆ మాట తెలుగులోనే ఎట్లా రాయాలో పక్కాయన్ను అడిగి రాసుకున్నాడు. నువ్వు ముగించాక అందరికంటే ముందు లేచి నిలబడింది ఆయనే. పేపరు తీసుకున్నామని పత్రికనుంచి నిన్న జవాబు వచ్చింది. ఆ మూడో ఆయన ఈసారి ఒకే ఒక్క వాక్యం రాశాడు: "నాకు ఇక అడగడానికి ఏమీ లేదు."

ఇక నా సంగతి. మాట నా నాలుక మీదే ఉంది. నోరు తెరిచాను కూడా. నీ ముఖం చూశాను. నువ్వు భయపడి నా వైపు చూశావని నువ్వు అనుకుంటున్నావు. కాదు అబీ. నేను నిన్ను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. లెక్క తెగే ముందు నీ కనుబొమలు రెండూ కొంచెం దగ్గరకు వస్తాయి. అప్పుడూ అట్లాగే వచ్చాయి. నువ్వు భయపడటం లేదు, వెతుకుతున్నావు. నీ చేతిలోంచి ఆ మాట నేనెట్లా లాక్కోను?

అందుకని నోరు మూసుకుని నిలబడ్డాను. అంత కష్టమైన పని ఆ పెట్టెలతో కూడా ఎప్పుడూ చేయలేదు. నువ్వు ఆగావు, నీతో పాటు నేనూ ఆగాను. తర్వాత నువ్వు చెప్పావు.

నీ షాహీ